అడిగి తీసుకో తల్లీ



నీకు పీడియాట్రిక్స్ సీటు వచ్చిందని చెప్పేటప్పుడు హిందూపురం నుంచి మీ నాన్న గొంతు వణికింది. వాడి ఆనందం నాకు తెలుసు. నువ్వు చేరబోయేది ఇక్కడ కర్ణాటకలో మా ఇంటికి దగ్గర్లోని బోధనాసుపత్రే కావడం నాకు ఇంకో సంతోషం. కాలేజీ వాళ్ళు పంపిన కాగితం నువ్వు వాట్సాప్‌లో పెడితే తీరిగ్గా కూర్చుని చదివాను. స్టైపెండ్ ఎంతో రాశారు. హాస్టల్ గది, మెస్, సెలవులు, ఆరోగ్య బీమా, కౌన్సెలర్ సదుపాయం, కాన్ఫరెన్సులకు వెళ్తే దారి ఖర్చులు, అన్నీ ఉన్నాయి. దాని కింద నువ్వు రాసిన మాట దగ్గర ఆగిపోయాను. "ఇవన్నీ అడిగితే ఏమనుకుంటారో అత్తా, చేరగానే అడగడం బాగోదేమో" అన్నావు. మీ నాన్నదీ అదే పాట. సీటు దొరికిందే చాలు, నోరు మూసుకుని మూడేళ్ళు గడిపేస్తే డిగ్రీ చేతికొస్తుందంటాడు.

నా మాట వేరు. అడుగు. అడిగి తీసుకో. తీసుకున్నది వాడుకో. ఆ కాగితంలో రాసినవన్నీ నీకు చూపించే దయ అనుకున్నంతకాలం అడగడానికి మొహమాటంగానే ఉంటుంది. నీ ఎదురుగా మంచం మీద ఉన్న పసిబిడ్డకు జరిగే వైద్యంలో నీ నిద్ర, నీ తిండి, నీ సెలవు, నీ వెనక నిలబడే సీనియరు కూడా భాగమేనని ఒకసారి మనసుకు ఎక్కితే ఆ మొహమాటం పోతుంది. ఈ ఉత్తరంలో నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. మిగిలిందంతా దానికి వివరమే.

పెద్దవాళ్ళ వార్డులో మందులు చాలావరకు ఒకే కొలత. మన పిల్లల వార్డులో ప్రతి బిడ్డకూ బరువు చూసి లెక్క కట్టాలి. ఎనిమిది కిలోల పాపకు జ్వరం. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసెటమాల్ 120 మిల్లీగ్రాములు ఇవ్వాలి. ఐదు మిల్లీలీటర్లలో 120 ఉండే సిరప్ అయితే ఐదు మిల్లీలీటర్లు. ఐదింటిలో 250 ఉండేదైతే 2.4. ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉండే డ్రాప్స్ అయితే 1.2. బిడ్డ ఒకటే, మందు ఒకటే, రాయాల్సిన అంకెలు మాత్రం మూడు. డ్రాప్స్ అని రాసి పక్కన అలవాటుగా ఐదు అని వేస్తే ఆ పాప ఒంట్లోకి నాలుగు రెట్ల మందు వెళ్తుంది. ఇది జ్వరం మందు సంగతి. ఊపిరాడని నవజాత శిశువుకు అడ్రినలిన్ ఇవ్వాల్సి వస్తే ఆంప్యూల్‌లో ఉన్నదాన్ని పదింతలు పలచన చేసి, కిలోకు 0.1 మిల్లీలీటరు చొప్పున ఎక్కించాలి. పలచన చేయడం మర్చిపోతే పదింతల మందు. ఈ లెక్కలన్నీ పగలు పది గంటలకు చిన్నపిల్లలైనా చేస్తారు. ముందురోజు పొద్దున ఎక్కిన డ్యూటీలో రాత్రి మూడు దాటాక చేయాల్సి వచ్చినప్పుడు, పక్కన తల్లి ఏడుస్తూ ఉన్నప్పుడు, నీ కడుపులో మధ్యాహ్నం తిన్న అన్నం తప్ప ఇంకేం లేనప్పుడు, అప్పుడు చూడాలి.

ఇది నా ఊహ కాదు. అమెరికాలో మూడు పిల్లల ఆసుపత్రుల రెసిడెంట్లను పరిశీలించి 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం వేశారు. చూసిన 123 మందిలో ఐదో వంతు మంది డిప్రెషన్‌లో ఉన్నారు. వాళ్ళు మిగతావాళ్ళ కంటే ఆరు రెట్లు ఎక్కువగా మందుల తప్పులు చేశారు. నీరసించిపోయామని చెప్పినవాళ్ళు నూటికి 74 మంది. గమనించు, వీళ్ళు వేరే శాఖవాళ్ళు కారు, నీలాంటి పిల్లల డాక్టర్లే. డాక్టరు మనసు బాగుండటం డాక్టరు సొంత గొడవ అనేవాళ్ళకు నేను ఈ వ్యాసమే చూపిస్తాను.

ఇక నీకు రావాల్సినవేమిటో తెలుసుకో, ఎవరి దయా కాదు కాబట్టి. జాతీయ వైద్య కమిషన్ 2023 డిసెంబరు చివర్లో పీజీ చదువుకు కొత్త నిబంధనలు తెచ్చింది. పీజీలు పూర్తికాలపు రెసిడెంట్లు. వాళ్ళ పనిగంటలు సబబుగా ఉండాలి, రోజులో విశ్రాంతికి తగినంత సమయం ఇవ్వాలి. పని అవసరాన్ని బట్టి వారానికో సెలవురోజు, ఏడాదికి 20 రోజుల జీతంతో కూడిన క్యాజువల్ సెలవు, 5 రోజుల అకడమిక్ సెలవు. తగిన వసతి కల్పించడం కాలేజీ బాధ్యత. అందులోనే ఉండి తీరాలన్న నిర్బంధం నీకు లేదు. స్టైపెండ్ ఆ రాష్ట్ర ప్రభుత్వ కాలేజీల్లో ఇచ్చే దానితో సమానంగా ఉండాలి. ప్రసూతి సెలవూ ఉంది. అయితే హాజరు 80 శాతం కంటే తగ్గకూడదు. ఇచ్చిన సెలవులకు మించి ఎన్ని రోజులు పెడితే కోర్సు అన్ని రోజులు పొడుగవుతుంది. ఈ నిబంధనలు దింపుకుని ఫోన్‌లో పెట్టుకో. ఎవరితోనూ పోట్లాడటానికి కాదు. నీకు తెలుసని ఎదుటివాళ్ళకు తెలిస్తే సగం మాటలు పెరగవు.

కాగితం మీద ఉన్నది చేతికి రావడం వేరే కథ. నువ్వు పుట్టకముందే, 1992 జూన్‌లో, కేంద్ర ఆరోగ్యశాఖ రెసిడెంట్లతో ఏకబిగిన 12 గంటలు మించి, మామూలుగా వారానికి 48 గంటలు మించి పని చేయించకూడదని ఆదేశం ఇచ్చింది. అది ఎంత అమలైందో ఏ పీజీని అడిగినా చెబుతారు. వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో నివేదిక ఇచ్చింది. వాళ్ళ సర్వేలో పీజీల్లో నూటికి 45 మంది వారానికి 60 గంటలు దాటి పనిచేస్తున్నామన్నారు. సగానికి పైగా, నూటికి 56 మంది, వారపు సెలవు సరిగ్గా దొరకడం లేదన్నారు. వారానికి 74 గంటలు దాటకూడదు, రోజుకు ఏడెనిమిది గంటల నిద్ర ఉండాలి, వారానికొక రోజు సెలవు ఇవ్వాలి అని ఆ టాస్క్‌ఫోర్సే సిఫారసు చేసింది. 48 నుంచి 74కు వచ్చాం చూడు. నాకు బాధగానే ఉంది. అయినా ఆ 74నైనా నిలబెడితే మీ తరానికి ఎంతో మేలు.

స్టైపెండ్ సంగతి ఇంకా సున్నితం. 2023లో కమిషన్ జరిపిన సర్వేలో ప్రైవేటు కాలేజీల పీజీలు రెండు వేల మందికి పైగా తమకు స్టైపెండే అందడం లేదన్నారు. ఖాతాలో వేసి తిరిగి తీసుకుంటున్నారని వెయ్యి మందికి పైగా చెప్పారు. ఫీజులూ స్టైపెండ్ వివరాలూ వెబ్‌సైట్లలో బయటపెట్టాలని 2025 జులైలో కమిషన్ కాలేజీలకు చెప్పాల్సి వచ్చింది. కర్ణాటక ప్రభుత్వ కాలేజీల రెసిడెంట్లు స్టైపెండ్ పెంచమని 2024 ఆగస్టులో సమ్మె చేసిన సంగతి ఇక్కడి పేపర్లలో రోజూ చదివాం. అందుకే చెబుతున్నా. ఖాతా నీ పేరు మీద నువ్వే తెరువు. చెక్కుబుక్కూ ఏటీఎం కార్డూ నీ దగ్గరే ఉంచుకో. సంతకం చేసిన ఖాళీ చెక్కు ఎవరు అడిగినా ఇవ్వొద్దు. నెలనెలా పడుతున్నదీ లేనిదీ చూసుకో. కోర్సు మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో బాండులో రాసి ఉంటుంది, సంతకం చేసేముందు మీ నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి వాక్యం చదువు. సీటు వదిలితే లక్షల్లో కట్టించుకునే ఈ బాండ్లు తీసేయమని కమిషనే 2024 జనవరిలో రాష్ట్రాలను కోరింది. నీ బాండులో ఏముందో మాత్రం నువ్వే చూసుకోవాలి.

ఆ డబ్బు ఇంటికి పంపాలని ఆరాటపడకు. మీ నాన్న అడగడు, నాకు తెలుసు, నువ్వే పంపుతావు. మొదటి ఏడాది మాత్రం ఆ డబ్బు నీ తిండికీ, మంచి బూట్లకూ, ఆటోలకూ ఖర్చు పెట్టు.

చేరేముందు ఒక పని చెయ్యి. పగటిపూట వెళ్తే నీకు లైబ్రరీ, సెమినార్ హాలు చూపిస్తారు. నువ్వు రాత్రి తొమ్మిది దాటాక, అక్కడ చదువుతున్న సీనియర్ అక్కను ఎవరినైనా పట్టుకుని, డ్యూటీ గది చూపించమను. వార్డుకు ఎంత దూరంలో ఉందో నడిచి చూడు. ఆడవాళ్ళకు వేరే గది ఉందా? తలుపుకు లోపలి గడియ గట్టిగా పడుతుందా? బాత్రూమ్ ఆ గదికే ఉందా, చీకటి వరండా దాటి వెళ్ళాలా? మంచం మీద దుప్పటి ఎప్పుడు మార్చారు? పరుపు మీద కేస్ షీట్లు, సెలైన్ డబ్బాలు పేర్చి ఉంటే అక్కడ ఎవరూ పడుకోవడం లేదని అర్థం. ఆ గది పక్కన సెక్యూరిటీ మనిషి ఎక్కడ కూర్చుంటాడో కూడా చూడు.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలుసు. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో సుదీర్ఘమైన డ్యూటీ మధ్యలో సెమినార్ హాల్లో నడుం వాల్చిన పీజీ అమ్మాయి ప్రాణాలతో లేవలేదు. దేశమంతా రోడ్డెక్కింది, సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టి డాక్టర్ల భద్రతకు ఒక జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. అంత పెద్ద ఆసుపత్రిలో ఆ బిడ్డ నడుం వాల్చాల్సి వచ్చింది సెమినార్ హాల్లో. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. డ్యూటీ గదికి గడియ అడగడం గొంతెమ్మ కోరిక అని ఎవరైనా అంటే వినకు.

మన తెలుగు పిల్లలు కొందరు అమెరికాలో రెసిడెన్సీ చేస్తున్నారు. వాళ్ళు పంపే ఫొటోలు చూసి ఇక్కడి పిల్లలు నిట్టూరుస్తుంటారు. అక్కడ గంటల పరిమితి ఊరికే రాలేదు. 1984లో న్యూయార్కులో లిబ్బీ జియాన్ అనే పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఆసుపత్రిలో చేరిన కొద్ది గంటల్లోనే చనిపోయింది. రాత్రంతా ఆమెను చూసినవాళ్ళు శిక్షణలో ఉన్న డాక్టర్లే. పత్రికల్లో పనిచేసిన ఆమె తండ్రి ఊరుకోలేదు. ఆ పోరాటం వల్ల న్యూయార్కు రాష్ట్రంలో 1989లో వారానికి 80 గంటల పరిమితి వచ్చింది, 2003లో అది దేశమంతా రెసిడెంట్లకు వర్తించింది. ఇప్పుడు అక్కడి నిబంధనల్లో డ్యూటీలో ఉన్నంతసేపూ తిండి దొరకాలని, వార్డుకు దగ్గర్లో భద్రమైన, నిశ్శబ్దమైన నిద్ర గది ఉండాలని, పాలిచ్చే తల్లులకు పాలు తీసి దాచుకునే చోటూ ఫ్రిజ్జూ ఉండాలని, డ్యూటీ గంటల్లోనే డాక్టరు దగ్గరికీ పంటి వైద్యుడి దగ్గరికీ కౌన్సెలర్ దగ్గరికీ వెళ్ళడానికి వీలు కల్పించాలని స్పష్టంగా ఉంది. అలసిపోయి బండి నడపలేని వాళ్ళను ఇంటికి క్షేమంగా చేర్చే ఏర్పాటు కూడా ప్రోగ్రామే చూడాలి. ఇవి చదివి అసూయపడకు. జాబితాగా రాసిపెట్టుకో. మన దగ్గర ఏది ఉంది, ఏది లేదు, దేన్ని పెద్ద ఖర్చు లేకుండా తేవచ్చు అని చూడు. ఒక ఫ్రిజ్జు, ఒక గడియ, ఒక కెటిల్, ఒక ఆటోకు డబ్బు, వీటికి ఏ కాలేజీ దివాలా తీయదు.

ఆ చివరిదాని గురించి ఇంకో మాట. మన దేవనహళ్ళి రోడ్డు నీకు తెలుసు. హైదరాబాద్ హైవే మీద ఎయిర్‌పోర్టు టాక్సీలు ఎలా దూసుకెళ్తాయో చూశావు. రాత్రి డ్యూటీ, దాని వెనక పొద్దున రౌండ్స్ అయ్యాక ఆ రోడ్డు మీద స్కూటీ నడపొద్దు. ఒట్టు వేయించుకుంటున్నాననుకో. హాస్టల్‌లోనే పడుకుని లే, లేకపోతే బస్సెక్కు, లేకపోతే నాకు ఫోన్ చెయ్యి, మీ మామయ్య కారు తెస్తాడు. నిద్ర కళ్ళతో బండి ఎక్కడమూ తాగి ఎక్కడమూ ప్రమాదంలో ఒకటే.

తిండి విషయంలో పీజీలంతా ఒక్కలాంటి మొండివాళ్ళు. మెస్ మూసేవేళకు వార్డులో ఎవరికో ఫిట్స్ వస్తాయి. అయ్యేసరికి పదకొండు. బిస్కెట్లు, టీ. రోజూ ఇదే. మీ బ్యాచ్ వాళ్ళంతా కలిసి మెస్ వాళ్ళతో మాట్లాడండి, డ్యూటీలో ఉన్నవాళ్ళకు క్యారియర్ కట్టి పెట్టమనండి. నేను పనిచేసినచోట వంటగదిలో ఉండే పెద్దావిడ రాత్రి డ్యూటీ వాళ్ళ పేర్లు సాయంత్రం కనుక్కుని, రాగిముద్దా పులుసూ మూతపెట్టి పక్కన ఉంచేది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ ముద్ద తిన్న రాత్రి మా చేతులకు వణుకు ఉండేది కాదు.

గంటలు తగ్గితే చాలు అంతా బాగుపడుతుందని మాత్రం అనుకోకు. ఇక్కడ నాకు అనుభవం, చదువు రెండూ ఒకే మాట చెప్పాయి. అమెరికాలోనే ఆరు పిల్లల ఐసీయూలలో చేసిన పెద్ద అధ్యయనం 2020లో వచ్చింది. రెసిడెంట్ల 24 గంటలూ అంతకు పైబడిన షిఫ్టులు తీసేసి చిన్న షిఫ్టులు పెట్టారు. తప్పులు తగ్గుతాయనుకుంటే పెరిగాయి. తరచి చూస్తే, చిన్న షిఫ్టుల్లో ఒక్కొక్కరి తలమీద పడ్డ పిల్లల సంఖ్య పెరిగింది. ఆ భారాన్ని లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా నిలవలేదు. కాబట్టి రోస్టర్ చూసేటప్పుడు ఎన్ని గంటలు అనే ఒక్క ప్రశ్నతో ఆగకు. రాత్రి ఒక పీజీకి ఎంతమంది పిల్లలు? ఎన్ఐసీయూ, వార్డు, క్యాజువాల్టీ మూడూ ఒక్కరే చూస్తారా? వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డను వదిలి లేబర్ రూమ్‌కు పరుగెత్తాల్సి వస్తే వెనక ఎవరున్నారు? ఈ మూడు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పే డిపార్ట్‌మెంటులో చేరినదాని అదృష్టమే అదృష్టం.

హ్యాండోవర్ అంటే చాలామందికి తేలిక. బ్యాగు భుజాన వేసుకుని, నడుస్తూ, "అంతా స్టేబుల్" అని చెప్పి వెళ్ళిపోతారు. 2014లో అమెరికా, కెనడాల్లోని తొమ్మిది ఆసుపత్రుల పిల్లల రెసిడెన్సీలలో హ్యాండోవర్‌కు ఒక పద్ధతి పెట్టి చూశారు. బిడ్డ ఎంత సీరియస్, క్లుప్తంగా కేసు, చేయాల్సిన పనులు, రాత్రికి ఏం జరగొచ్చు, జరిగితే ఏం చేయాలి, చివర్లో విన్నవాళ్ళు తిరిగి చెప్పడం. ఈ పద్ధతిని ఐపాస్ అంటారు. వైద్యపు తప్పులు నూటికి 23 తగ్గాయి, నివారించగలిగిన హాని నూటికి 30 తగ్గింది. ఒక్క రూపాయి మందు ఖర్చు లేదు. మీ యూనిట్‌లో ఇది లేకపోతే నువ్వూ నీ తోటి పీజీ ఇద్దరూ మొదలుపెట్టండి. కూర్చుని చెప్పుకోండి. నువ్వు డ్యూటీ దిగాక నిశ్చింతగా నిద్రపోవాలంటే ఇదే దారి.

నన్నడిగితే ఏ కాలేజీ ఇచ్చే సదుపాయాలన్నిటిలో పెద్దది, కాగితంలో ఎక్కడా రాయనిది, అర్ధరాత్రి పిలిస్తే విసుక్కోకుండా వచ్చే సీనియరు. నెలలు నిండని బిడ్డకు సూది ఎక్కించడం నేర్చుకునే రోజులు నీకు త్వరలోనే వస్తాయి. గది దీపం తగ్గించి, బిడ్డ అరచేతి కింద టార్చి పెడితే చెయ్యి ఎర్రగా వెలుగుతుంది, అందులో నరం నల్లటి సన్నటి గీతలా కనిపిస్తుంది. పసుపుపచ్చ కాన్యులా కూడా పెద్దదైతే ఊదారంగుది తీస్తాం. చర్మం కింద సూది జారేటప్పుడు చేతికి ఏమీ తెలియదు, కాన్యులా వెనక గదిలో రక్తపు చుక్క కనిపిస్తేనే నరం దొరికినట్టు. గ్లవ్స్ డబ్బా అట్ట కోసి దూది చుట్టి ఆ చెయ్యి కదలకుండా ప్లాస్టర్ వేస్తాం. మొదటిసారి నరం చిట్లుతుంది. రెండోసారీ చిట్లితే చెయ్యి కడుక్కుని ఆగిపో, సీనియరును పిలువు. ఆ పిల్ల ఒంటిమీద నరాలు నువ్వు నేర్చుకోవడానికి లెక్కలేనన్ని లేవు. పిలిచినందుకు ఎవరైనా ముఖం చిట్లిస్తే చిట్లించనీ. పిలవకపోవడమే తప్పు, పిలవడం ఏనాడూ కాదు. సీనియరుకూ తన పైవాళ్ళను పిలిచే ధైర్యం ఉండాలి. ఆ వరస పైదాకా తెగకుండా ఉన్న డిపార్ట్‌మెంటే మంచి డిపార్ట్‌మెంటు.

ఇప్పుడు రాయబోయేది రాయాలంటే కష్టంగా ఉంది, అయినా రాయాలి. నీ చేతుల్లో ఒక బిడ్డ పోతుంది. మొదటి ఏడాదిలోనే. డెంగీ షాక్‌తో ఆలస్యంగా తెచ్చినవాడో, ఇరవయ్యారు వారాలకే పుట్టినదో. నువ్వు గుండె మీద వేళ్ళు పెట్టి నొక్కుతూనే ఉంటావు, పైవాళ్ళు చాలు అంటారు. ఆ తర్వాత నువ్వే బయటికి వెళ్ళి ఆ తల్లికి చెప్పాలి. చెప్పి వచ్చి ఇంకో బిడ్డకు యాంటీబయాటిక్ లెక్క కట్టాలి. నాతోపాటు చదివిన ఒక అమ్మాయి అలాంటి రాత్రి తర్వాత చాలాకాలం మౌనంగా ఉండిపోయింది. మేము అది పనిలో ముభావం అనుకున్నాం. ఆ రోజుల్లో మాకు తెలిసిన ఓదార్పు "అలవాటైపోతుందిలే" అనే ఒక్క మాట. అలవాటు కాదు తల్లీ, కాకూడదు కూడా. ఆ రాత్రి డ్యూటీ ముగిశాక యూనిట్ అంతా పది నిమిషాలు కూర్చుని, ఏం జరిగింది, ఎవరికి ఎలా ఉంది అని మాట్లాడుకునే పద్ధతి ఉందేమో కనుక్కో. లేకపోతే నీ సీనియర్‌ను అడుగు, నర్సమ్మలనూ పిలువు. వాళ్ళు కూడా అదే బిడ్డకు పాలు పట్టినవాళ్ళు.

కౌన్సెలర్ అన్న మాట కాగితంలో ఉంది కదా, ఆయన గది ఎక్కడుందో, వేళలేమిటో, అక్కడ చెప్పింది డిపార్ట్‌మెంటుకు చేరకుండా ఉంటుందో లేదో మొదటి నెలలోనే తెలుసుకో. బాగున్నప్పుడే దారి తెలిసి ఉండాలి. నేను ముందు చెప్పిన ఆ మానసిక ఆరోగ్య టాస్క్‌ఫోర్స్ సర్వేలో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందని చెప్పిన పీజీలు నూటికి 31 మంది. దాదాపు ముగ్గురిలో ఒకరు. నీ పక్క మంచం పిల్ల కావచ్చు, నువ్వు కావచ్చు. అలాంటి ఆలోచన నీడ పడినా దాచుకోవద్దు. 14416 నంబరుకు టెలీ మానస్ ఫోన్ రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఆ సేవకు కేంద్రస్థానం మన బెంగళూరు నిమ్‌హాన్స్. డాక్టరైనంత మాత్రాన మందు వేసుకోకూడదనీ, సైకియాట్రిస్టును కలవకూడదనీ ఎక్కడా లేదు. షుగరు వస్తే దాచుకుంటామా?

నీ ఒంటి జాగ్రత్త కూడా అంతే. హెపటైటిస్ బి టీకాలు పూర్తయ్యాయి, నిజమే, అవి పనిచేశాయో లేదో యాంటీబాడీ పరీక్ష చేయించుకో. నీకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసినట్టు నాకు గుర్తు లేదు, మీ అమ్మను అడుగు. పొయ్యకపోతే టీకా రెండు డోసులూ వేయించుకో. సూది గుచ్చుకుంటే సిగ్గుపడి దాచొద్దు, వెంటనే చెప్పు. హెచ్ఐవీ రాకుండా వేసుకునే మందు మొదటి రెండు గంటల్లోనే మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. ఆ మందు రాత్రిపూట ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కుని ఉంచుకో.

ఇక్కడి ఓపీకి వచ్చేవాళ్ళ గురించి భయపడకు. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు నుంచి వచ్చే తల్లులు చాలామంది ఇంట్లో మాట్లాడేది మన తెలుగే. "పాప పాలు పట్టుకోవడం లేదు డాక్టరమ్మా" అని వాళ్ళు అంటే నీకు సొంత ఊళ్ళో ఉన్నట్టే ఉంటుంది. అలాగని కన్నడం నేర్చుకోకుండా ఉండొద్దు. మగు, జ్వర, వాంతి, భేది, కెమ్ము అంటూ మొదలుపెట్టు. నర్సమ్మలతో కన్నడంలో మాట్లాడిన రోజు నుంచి వాళ్ళు నిన్ను తమ పిల్లగా చూస్తారు. నవజాత శిశువుల గురించి వాళ్ళకు తెలిసింది నెల్సన్ లాంటి ఏ పిల్లల వైద్య పుస్తకంలోనూ దొరకదు. "మేడమ్, ఈ బిడ్డ రంగు నాకు నచ్చడం లేదు" అని ఒక పెద్ద నర్సు అంటే చేతిలో ఉన్న పని వదిలేసి వెళ్ళి చూడు.

కోర్సు మధ్యలో మూడు నెలలు జిల్లా ఆసుపత్రికి పంపుతారు. చాలామంది దాన్ని శిక్షలా అనుకుని థీసిస్ రాసుకునే సమయంగా వాడుకుంటారు. నువ్వు అక్కడి నవజాత శిశు విభాగంలో కూర్చో. ఎక్స్‌రే, ల్యాబు వెంటనే దొరకనిచోట బిడ్డను చూసి నిర్ణయం తీసుకోవడం అక్కడే వస్తుంది. వెళ్ళేముందు మాత్రం వసతి ఎక్కడ, స్టైపెండ్ ఆగకుండా వస్తుందా, రాత్రి డ్యూటీకి వాహనం ఉందా అని రాతపూర్వకంగా తెలుసుకో.

అడిగే పద్ధతి గురించి మీ నాన్న భయం కొంత నిజమే. ఒంటరిగా గట్టిగా మాట్లాడినవాళ్ళను వేరు చేసి చూసే చోట్లు ఉన్నాయి. కాబట్టి బ్యాచ్ అంతా కలిసి అడగండి. మర్యాదగా, ఉత్తరం రాసి, తేదీ వేసి, నకలు ఉంచుకుని. "మాకు కష్టంగా ఉంది" అని రాయకండి. "రాత్రి ఒక పీజీకి ఇంతమంది పిల్లలు పడుతున్నారు, ఇంకొకరు కావాలి" అని రాయండి. డ్యూటీ గది గడియ విరిగిందంటే ఏ వార్డు, ఏ తేదీ నుంచి అని రాయండి. మంచి హెచ్‌ఓడీలకు అలాంటి కాగితమే ఆయుధం, పై మేనేజ్‌మెంటుతో వాదించడానికి వాళ్ళకు అది కావాలి. సెలవు దొరికితే ఇంకొకరు తీసుకోలేదు కదా అని నువ్వూ మానేయకు. నువ్వు వాడుకోని సెలవు నీ జూనియర్‌కు ఆనవాయితీ అయి కూర్చుంటుంది. రెండో ఏడాదికి నువ్వూ సీనియరువే. అర్ధరాత్రి ఫోన్ వస్తే "ఎందుకు పిలిచావ్" అనకు, "వస్తున్నా" అను.

చేరడానికి ఇంకా వారం ఉంది. శనివారం నువ్వూ మీ నాన్నా పొద్దున బస్సుకే వచ్చేయండి. బాండు కాగితం, సర్టిఫికెట్ల నకళ్ళు, నీ టీకాల కార్డు తీసుకురా. భోజనం చేసి కూర్చుని బాండు చదువుదాం. రాత్రి తొమ్మిదికి నేనూ నీతో వస్తాను, డ్యూటీ గది చూసి వద్దాం.